108 ముక్కల డబ్బా వద్దు తమ్ముడూ: కారు పనికి పానాలు ఎట్ల ఎంచుకోవాలె

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. ఐటీఐల మోటర్ మెకానిక్ ట్రేడ్ చేసినవ్, వరంగల్‌ల ఒక షెడ్డుల మూడేండ్లు పని నేర్చినవ్, ఇప్పుడు పరకాలల సొంత దుకాణం పెడుతున్నవ్. చేతుల పాతిక వేలున్నయ్. ఆన్‌లైన్‌ల 108 ముక్కల టూల్ కిట్ ఆరేడు వేలకే వస్తున్నది, అది తీసుకుంటే ఒక్కసారే ఒడుస్తది కదా అంటున్నవ్. లేకపోతే ఏ కంపెనీవి కొనాలె అన్నవ్. పక్క షెడ్డోళ్ళు పానాలు అడిగితే ఇయ్యాల్నా వద్దా అని చివర్ల ఇంకోటి అడిగినవ్, అది అసలు ప్రశ్న కంటే కష్టమైనది.

డబ్బా కొనకు. ఎందుకు వద్దంటున్ననో, దాని బదులు ఏం కొనాల్నో చెప్త. జర పొడుగైతది.

నేను హన్మకొండల ఉస్తాద్ దగ్గర పనికి చేరినప్పుడు ఆయనకు రెండు పెట్టెలు ఉండేటివి. ఒకటి అంబాసిడర్ పెట్టె, ఇంకోటి మారుతి పెట్టె. అంబాసిడర్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన బండి కాబట్టి దానివి ఇంచు పానాలు: 7/16, 1/2, 9/16. మారుతిది మిల్లీమీటర్ల లెక్క. చేరిన నెలలనే నేను అంబాసిడర్ నట్టుకు మారుతి పెట్టెల 13 పానా పెట్టిన. అర ఇంచు అంటే 12.7 మిల్లీమీటర్లు, 13 పానా దానికి పట్టినట్టే ఉంటది. 0.3 మిల్లీమీటర్ల వదులు. గట్టిగ గుంజిన, మూలలు అరిగి తల రౌండ్ అయింది. ఉస్తాద్ ఒక్క మాట అనలే, హాక్సా బ్లేడు చేతికిచ్చిండు. ఆ నట్టు కోసి తీసేసరికి అందరు అన్నాలు తిని చేతులు కడుక్కున్నరు.

ఆ 0.3 మిల్లీమీటర్లే నీ ప్రశ్నకు జవాబు. మంచి పానాకు ఎక్కువ పైసలు పెట్టేది మెరుపుకు కాదు, దాని నోరు బోల్ట్ తలకు ఎంత బిగువుగ కూసుంటది, నాలుగేండ్ల తర్వాత కూడ అట్లనే కూసుంటదా అన్నదానికి. చౌక పానా చాలాసార్లు విరగదు. విరిగితే మంచిదే, ఇంకోటి కొంటం. అది నోరు తెరుచుకుంటది. పానా బాగనే కనపడ్తది, బోల్ట్ మాత్రం ఖరాబైతది. నష్టం పానాల కాదు, కస్టమర్ బండిల జరుగుతది. ఇరవై రూపాయల బోల్ట్ కోసం సగం దినం పోతది, ఆ సగం దినానికి కస్టమర్ పైసలియ్యడు.

ఇగ 108 ముక్కల సంగతి. ఆ డబ్బా మూత తీసి లెక్కపెట్టు. సగం ముక్కలు స్క్రూ డ్రైవర్ బిట్లు, సన్న అలెన్ కీలు, 4, 4.5, 5 మిల్లీమీటర్ల బుల్లి సాకెట్లు (బోల్ట్ తల మీద గిన్నె లెక్క తొడిగేటియి). కారు కింద దూరినోనికి రోజూ కావాల్సినయ్ అందుల పదిహేనుకు మించి ఉండయ్. ఆ పదిహేనులనే కంపెనీ నాణ్యత తగ్గించి పైసలు మిగిలిచ్చుకుంటది. ఇంట్ల స్కూటర్‌కు, సైకిల్‌కు పెట్టుకుంటే ఆ డబ్బా మంచిదే, తిట్టను. షెడ్డుకు పనికిరాదు.

కొనే ముందు నీ ఊరికి ఏ బండ్లు వస్తయో ఒక కాగితం మీద రాసుకో. ఇది చాలామంది చెయ్యరు. బోల్ట్ తలల సైజులు రెండు రకాల పద్ధతిల ఉంటయ్. జపాన్ పద్ధతిల ఎం8 బోల్ట్‌కు, అంటే మర ఉన్న కాడ 8 మిల్లీమీటర్ల లావు ఉండేదానికి, తల 12, ఎం10కు 14, ఎం12కు 17. యూరప్ పద్ధతిల అదే ఎం8కు 13, ఎం10కు 16 లేకపోతే పాతవాటిల 17, ఎం12కు 18 లేకపోతే 19. మారుతికి సుజుకీ లెక్క వచ్చింది. హ్యుందాయ్, టయోటా, హోండా కూడ ఎక్కువశాతం 10, 12, 14, 17 మీదనే నడుస్తయ్. టాటా వాళ్ళు 1954ల బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టిండ్రు, ఆ జర్మనీ లెక్క వాళ్ళ బండ్లల పాతుకపోయింది: 10, 13, 17, 19. మహీంద్రాల కూడ 13 బాగ తగుల్తది. అందుకే ఉత్త మారుతిలు చేసే షెడ్డుకు పోతే 13 పానా కొత్తపెండ్లికొడుకు లెక్క మెరుస్తుంటది, టాటా లారీల షెడ్డుల 12 అట్ల మెరుస్తది. పరకాలల నీకు ఆల్టోలు, వ్యాగనార్లు, డిజైర్లు వస్తయ్, వాటెనుక బొలెరోలు, టాటా ఏస్‌లు వస్తయ్. అంటే 8, 10, 12, 13, 14, 17, 19 నీ రోజువారీ కూడు. వీటిని మంచివి కొను. 21 కూడ ఒకటి పెట్టుకో, హ్యుందాయ్ చక్రం నట్లకు కావాలె, మారుతికి 19 చాలు. పోలో లాంటి ఫోక్స్‌వ్యాగన్ బండి వస్తే చక్రానికి 17 బోల్టులు, లోపల ఆరు కొనల టార్క్స్ బిట్లు, పన్నెండు మూలల స్ప్లైన్ బిట్లు కావాలె. అవి ఆ బండి మొదటిసారి వచ్చిననాడు కొను, ముందుగాల కొని తుప్పు పట్టిచ్చుకోకు.

దుకాణంల మంచి పానాను ఎట్ల గుర్తుపట్టాలె?

జేబుల రెండు కొత్త బోల్టులు పెట్టుకొని పో. ఒకటి 12 తలది, ఒకటి 17 తలది. స్పేర్ పార్ట్స్ దుకాణంల అసలు బోల్టులే కొను, రోడ్డు మీద ఏరినయ్ వద్దు. పానాను బోల్ట్ తలకు తొడిగి అటుఇటు ఊపు. సూదిమొనంత కదలిక ఉంటది, అది ఉండాలె, లేకపోతే మట్టి పట్టిన బోల్ట్‌కు ఎక్కదు. కానీ చేతికి టక్‌టక్ అని తగిలేంత వదులుంటే వెనక్కి పెట్టు. తలను చుట్టూ పట్టే రింగు పానాల అయితే రెండు దిక్కులా చూడు, ఒక దిక్కు బిగువు ఇంకో దిక్కు వదులు ఉన్నయ్ మస్తు చూసిన. తలను రెండు పక్కలనే పట్టే ఫిక్స్ పానా అయితే దవడలు రెండూ సమానంగ, సమాంతరంగ ఉన్నయా చూడు. దుకాణపాయన ఇసుక్కుంటే ఆ దుకాణమే వదిలెయ్యి. పనిచేసేటోళ్ళకు అమ్మే దుకాణపాయన ఇసుక్కోడు.

తర్వాత పూత. రింగు లోపలి మూలలల వేలు పెట్టి తిప్పు. పూత పొంగినట్టు, పొలుసు లేసినట్టు తగిలితే వద్దు. ఊడిన క్రోమ్ పొలుసు గాజుపెంకు లెక్క కోస్తది, నా బొటనవేలుకు ఇప్పటికీ గీత ఉన్నది. మీద చెక్కిన అక్షరాలను నమ్ముకోకు. క్రోమ్ వెనేడియం అని ఎవడైనా అచ్చు కొట్టొచ్చు. ఆ ఉక్కు మంచిదే, కానీ ఉక్కు ఒక్కటే కాదు, దాన్ని కాల్చి నూనెల చల్లార్చి మళ్ళ సన్నమంట మీద పదును పెట్టే పని సరిగ చేసిండ్రా లేదా అన్నది అసలు సంగతి. మెత్తగ ఉంటే నోరు తెరుచుకుంటది, మరీ గట్టిగ ఉంటే పటుక్కున విరుగుతది. ఈ పదును కంటికి కనపడదు, అందుకే కంపెనీ పేరుకు పైసలిస్తం. అందుకే పానాను గ్యాస్ మంట పెట్టి వంచొద్దు అని కూడ చెప్త. వంచిన జాగల పదును పోతది, ఇంక అది పానా కాదు, ఇనుప ముక్క. ఇరుకు జాగకు వంకర పానా కావాల్నంటే పాత పానా ఒకటి బలి ఇయ్యి. ఇంకో మాట, పానాను బండ మీద వేస్తే టింగుమని మోగితే మంచిది అంటరు. నేను నమ్మ. మోగే పానాలు కూడ నోరు తెరిచినయ్.

సాకెట్ల దగ్గర పైసలు ఆలోచించకు. నీ పాతిక వేలల పెద్ద ముద్ద వీటికే పోవాలె. లోపల ఆరు మూలల సాకెట్లే కొను, పన్నెండు మూలలయి వద్దు. పన్నెండు మూలలది తొందరగ ఎక్కుతది, అదొక్కటే దాని సుఖం. తుప్పు పట్టిన బోల్ట్‌కు పెట్టి గుంజితే మూలలను గీకి పారేస్తది. ఆరు మూలలది తలను ఆరు దిక్కుల నుంచి పట్టుకుంటది. మంచి కంపెనీలు సాకెట్ మూలలను కొద్దిగ గుండ్రంగ తీసి, బలం బోల్ట్ మూల మీద కాకుండ దాని చెంప మీద పడేటట్టు చేస్తయ్. లోపలికి చూస్తే ఆ వంపు కనపడ్తది.

2023 జూలై వానలకు హన్మకొండ, వరంగల్‌ల నీళ్ళల్ల మునిగిన కార్లు తర్వాత నెలలు నెలలు నా షెడ్డుకు వచ్చినయ్. మురికినీళ్ళు దిగినంక బ్రేకు బ్లీడర్లు, అంటే బ్రేకు నూనెల గాలి తీసే సన్న స్క్రూలు, తుప్పుతో అతుక్కపోయినయ్. నా దగ్గర పనిచేసే పిలగాడు పన్నెండు మూలల రింగు పానాతో మొదలుపెట్టిండు, రెండు బ్లీడర్లు రౌండ్ చేసిండు. అదే కారుకు మిగిలిన రెండింటిని రాత్రంతా తుప్పునూనె పోసి ఉంచి, తెల్లారి ఆరు మూలల 8 సాకెట్‌తోని తీసిన. కష్టపడ్డ, కానీ వచ్చినయ్. ఆ రెండు రౌండ్ అయిన దిక్కు వీల్ సిలిండర్లే మార్చాల్సొచ్చింది.

డ్రైవ్ సైజుకొస్తే, అంటే పిడి సాకెట్‌కు ఎక్కే చదరపు మొన సైజు, ముందుగాల 1/2 ఇంచుది ఒక సెట్, ఆ తర్వాత 3/8ది ఒకటి. ఇంజన్ బే లోపల, డాష్‌బోర్డు కింద 3/8 చేసే పని 1/2 చెయ్యదు, చెయ్యి దూరదు. రాచెట్ (సాకెట్‌ను తీయకుండనే ముందుకు వెనుకకు ఊపి తిప్పే పిడి) కొన్నప్పుడు పండ్లు ఎన్ని అని అడుగు. 24 పండ్లదైతే ఒక్కో టిక్కుకు 15 డిగ్రీలు జరగాలె, 72 పండ్లదైతే 5 డిగ్రీలు చాలు. ఇరుకు జాగల ఆ పది డిగ్రీల తేడా పని అయితదా కాదా అన్నది తేలుస్తది. కానీ సన్న పండ్ల రాచెట్‌తోని బిగుసుకున్న బోల్ట్ గుంజకు. మొదటి సడలింపు ఎల్ హ్యాండిల్‌తోని, మిగిలిన తిప్పుడు రాచెట్‌తోని. రాచెట్‌కు పైపు తొడిగి గుంజేటోనికి రాచెట్ ఏ కంపెనీదైనా ఒక్కటే.

ఎయిర్ గన్ లేదా బ్యాటరీ గన్ కొనే ఆలోచన ఉంటే ఇది జాగ్రత్తగ విను. గన్‌కు నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడాలె. అవి క్రోమ్ మాలిబ్డినం ఉక్కు, గోడ మందం, కొంచెం మెత్తటి పదును, దెబ్బను తట్టుకుంటయ్. మెరిసే క్రోమ్ సాకెట్ చేతిపనికి చేసింది, గన్ దెబ్బకు పగిలితే ముక్క తూటా లెక్క వస్తది. నేను పనిచేసిన ఒక షెడ్డుల ముక్క ఎగిరి ఒకాయన కనుబొమ్మ మీద తగిలింది, నాలుగు కుట్లు. ఒక అంగుళం కిందికి తగిలితే కన్నే. 17, 19, 21 నల్లటియి మూడు కొంటే నీకు చాలు, సెట్ అవసరం లేదు.

బోల్ట్‌ను ఎంత బలంతోని బిగిస్తున్నమో కొలిచి చెప్పే టార్క్ రెంచ్ గురించి నువ్వు అడగలేదు. మన దిక్కు ఎవ్వరు అడగరు. చక్రం నట్లు కాలు పెట్టి తొక్కి బిగిస్తం. లెక్క చూడు: మనిషి బరువు 60 కిలోలు, వీల్ పానా పొడుగు 30 సెంటీమీటర్లు అనుకుంటే, దాని మీద నిలబడితే పడే తిప్పే బలం (టార్క్) 176 న్యూటన్ మీటర్ల దగ్గర. చిన్న మారుతికి కావాల్సింది 85, అంటే రెట్టింపు. పాత హ్యుందాయ్‌లకు 88 నుంచి 107. అట్ల రెట్టింపు బిగిస్తే నట్టు ఎక్కే స్టడ్ సాగుతది, డ్రమ్ము వంకర పోతది, రోడ్డు మీద పంక్చరైతే కస్టమర్ చేతులతోని నట్టు రాదు. మీద నుంచి ఇప్పటి ఇంజన్ హెడ్లు అల్యూమినియం. స్పార్క్ ప్లగ్గో, ఆయిల్ డ్రెయిన్ బోల్టో అందాజగ గుంజితే మర ఊడి వస్తది, అప్పుడు ఆయిల్ మార్చే పని కాస్త ఇంజన్ కింద ఆయిల్ ఉండే చాంబర్ మార్చే పని అయితది. కాబట్టి 1/2 ఇంచు టార్క్ రెంచ్ ఒకటి, 40 నుంచి 200 న్యూటన్ మీటర్లది తీసుకో. డ్రెయిన్ బోల్ట్, ప్లగ్గుల లాంటి సన్నపనికి 3/8 డ్రైవ్ చిన్నది దుకాణం నడిచినంక కొను. ఏ బండికి ఎంత అన్నది సర్వీస్ మాన్యువల్ చూసి గోడ మీద రాసుకో, నోటిమాట నమ్మకు. క్లిక్ రకం రెంచ్ నాలుగు శాతం అటుఇటు తేడాతో చెప్పాలె అని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 లెక్క. ఏడాదికోసారో, 5000 సార్లు వాడినంకనో పరీక్ష చేయించాలె అని కూడ ఉన్నది. వాడుడు అయినంక స్ప్రింగ్‌ను కిందిదాకా వదిలిపెట్టు, దాంతోని బోల్ట్ ఇప్పకు. అది బిగించేది, ఇప్పేది కాదు.

బ్రేకు పైపుల నట్లకు ఫ్లేర్ నట్ పానా 10ది ఒకటి తప్పకుండ. రింగు పానాకు పైపు దూరేంత గాడి కోసినట్టు ఉంటది. మెత్తటి నట్టు కాబట్టి ఫిక్స్ పానాతోని రెండు దిక్కులా గుంజితే నలిగిపోతది. ఒక్క పానాయే, ఏడాదికి పదిసార్లే వాడ్తవ్, కానీ ఆ పదిసార్లు బ్రేకు పైపు కోసే బాధ తప్పుతది.

స్క్రూ డ్రైవర్ల మొనే ముఖ్యం. జపాన్ బండ్ల నక్షత్రం స్క్రూలకు మామూలు ఫిలిప్స్ మొన లోతుగ కూసోదు, తిప్పితే పైకి లేసి గాడి తినేస్తది. జపాన్ మొనది ఒకటి 2 నంబర్, ఒకటి 3 నంబర్ దొరికితే కొను. దొరకకపోతే షాట్ డ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టి తీయాలె. ప్లయర్లకు ఒక చిన్న పరీక్ష: దవడలు మూసి వెలుతురుకు పట్టు, కోసే జాగల సందు కనపడితే వైరు కొయ్యదు, నములుతది. కాంబినేషన్, నోస్, లోపలి బయటి సర్క్లిప్ (గాడిల కూసునే స్ప్రింగు రింగు) ప్లయర్లు, ఇంతే.

పైసలు మిగిలిచ్చుకోవాల్సిన జాగలు కూడ ఉన్నయ్. సుత్తులు, శానం, పంచ్‌లు, ఆయిల్ డబ్బా, ట్రాలీ, మాగ్నెట్ కర్ర, ఇవి చౌకయి కొను. ట్రాక్టర్లు తప్పకుండ వస్తయ్ నీకు, వాటికి 24, 27, 30, 32 పెద్ద పానాలు కావాలె. అవి కొత్తయి కొనకు. హైదరాబాద్‌ల జుమ్మేరాత్ బజార్‌కు గురువారం పొద్దున్నే పో, పాత ఝలానీ, గెడోర్ పానాలు తుప్పుల కుప్పల దొరుకుతయ్. డీజిల్‌ల రెండు రోజులు నానబెట్టి వైరు బ్రష్ కొడితే మన ఇద్దరికంటె ఎక్కువ బతుకుతయ్. జేబుల బోల్ట్ పరీక్ష అక్కడ కూడ చెయ్యి, నోరు తెరిచినయ్ అక్కడికే వస్తయ్ మరి. జాక్ స్టాండుల దగ్గర మాత్రం చౌక చూడకు. ఇటుకల మీద, ఉత్త జాక్ మీద బండి పెట్టి కింద దూరినవని తెలిస్తే పరకాల దాకా వచ్చి తిడ్త.

కంపెనీ పేరు అడిగినవ్. రోజువారీ పనికి తపారియా సరిపోతది, నాసిక్‌ల చేస్తరు, మొదట్ల స్వీడన్ వాళ్ళ సాంకేతికంతోని మొదలైంది. వాళ్ళ ప్లయర్లు, స్క్రూ డ్రైవర్లు, పానాలు నా దగ్గర పదిహేనేండ్లయి ఉన్నయ్. గ్రీసు తుపాకులు, చిన్న చిన్న ప్రత్యేక సామాన్లకు గ్రోజ్ మంచిగుంటది. జలంధర్‌ల చేసే కొన్ని పేరు తెలియని పానాలు కూడ బాగనే ఉంటయ్, మనకు చేతిపనిముట్లు ఎక్కువ అక్కడి నుంచే వస్తయ్, కానీ వాటిల ఒక్కో బ్యాచ్ ఒక్కో తీరు, బోల్ట్ పెట్టి చూసే కొనాలె. జర్మనీ గెడోర్, స్టాల్‌విల్లె, జపాన్ కోకెన్, అమెరికా స్నాప్-ఆన్, వాటి సంగతి వేరే. నా దగ్గర కోకెన్ 3/8 రాచెట్ ఒక్కటుంది, పిలగాండ్లను ముట్టనియ్య. నీకు ఇప్పుడు అవసరం లేదు.

నకిలీ సరుకుతో జాగ్రత్త. ఒకసారి తొందరల బిల్లు లేకుండ ఒక సెట్ తెచ్చిన, డబ్బా మీద పేరు అచ్చం అదే, ఇంటికొచ్చి కండ్లద్దాలు పెట్టుకొని చూస్తే పేరుల ఒక అక్షరం తేడా. మూడో రోజుకు 17 నోరు తెరిచింది. తిరిగి పోతే దుకాణపాయన నన్ను గుర్తే పట్టలే. వరంగల్‌ల తెలిసిన దుకాణంల కొను, లేదా సికింద్రాబాద్ రాణిగంజ్ పో, అక్కడ పది దుకాణాలు తిరిగి పోల్చుకోవచ్చు. ఎక్కడైనా బిల్లు అడుగు.

పాతిక వేలు నేనైతే ఇట్ల పెడ్త: 1/2, 3/8 ఆరు మూలల సాకెట్లు, రాచెట్లు, ఎల్ హ్యాండిల్, ఎక్స్‌టెన్షన్లు కలిపి పదివేల దాకా. టార్క్ రెంచ్‌కు ఐదారు వేలు. ఒక కొన రింగు, ఇంకో కొన ఫిక్స్ ఉండే కాంబినేషన్ పానాల సెట్ 8 నుంచి 22 దాకా, ఫ్లేర్ నట్ పానాతో కలిపి మూడు వేలు. ప్లయర్లు, స్క్రూ డ్రైవర్లు, అలెన్ కీలు రెండున్నర వేలు. నల్ల సాకెట్లు మూడు, షాట్ డ్రైవర్, సుత్తులు రెండు వేలు. మిగిలింది జాక్ స్టాండులకు. ధరలు అటుఇటు అయితయ్, కానీ వరుస మార్చకు. ట్రాలీ లేకపోతే ప్లైవుడ్ చెక్క మీద మేకులు కొట్టి, ఒక్కో పానా చుట్టూ మార్కర్‌తోని గీత గీసి తగిలియ్యి. సాయంత్రం ఏ గీత ఖాళీగ కనపడితే ఆ పానా ఎవరి బండిలనో ఉన్నది, ఆ బండి గేటు దాటకముందే బానెట్ ఎత్తు. నాకు ఒకసారి 14 రింగు పానా భూపాలపల్లి పోయొచ్చింది, బ్యాటరీ ట్రే మీద కూసొని.

ఇగ చివరి ప్రశ్న. పక్క షెడ్డోళ్ళు అడిగితే ఇయ్యి. రేపు వాళ్ళ దగ్గర బేరింగులు గుంజి తీసే పుల్లర్ కోసం నువ్వు పోవాల్సి వస్తది. కానీ టార్క్ రెంచ్, ఫ్లేర్ నట్ పానా ఇయ్యకు, పానాతో పాటు నువ్వే పో, పని చేసి పట్టుకొచ్చుకో. పానాలకు ఎనామిల్ పెయింట్ ఒక రంగు చుక్క పెట్టు, నాది పచ్చ, నువ్వు వేరేది పెట్టుకో. 10 సాకెట్ మాత్రం మూడు కొను. ఒకటి నీకు, ఒకటి పక్కోనికి, ఇంకోటి ఎటు పోతదో ముప్పై ఏండ్ల సంది వెతుకుతున్న, ఇంకా దొరకలే.